ఇరవై ఆరు నిండకుండానే...

పోయిన సంక్రాంతికి మా అమ్మాయి హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోంది. సంచి కిందపెట్టిందో లేదో, మా మరిది కొడుకు ముచ్చటపడి కొనుక్కున్న చేపల తొట్టె ముందు చతికిలబడింది. అందులో ఉన్నవేమీ అపురూపమైన చేపలు కావు. ఒంటిమీద నీలంచారలు, చిటికెనవేలంత పొడుగు. ఏ ఊళ్ళోనైనా అక్వేరియం షాపులో దొరుకుతాయి. జీబ్రా చేపలంటారు.

అరిసెలు వేయిస్తున్న నన్ను పిలిచి మరీ చెప్పింది. ఈ చేప గుడ్డు అద్దంలా ఉంటుందట. తల్లి కడుపులో కాదు, బయట నీళ్ళలోనే పెరుగుతుంది కాబట్టి మైక్రోస్కోపు కింద పెట్టుకుని లోపల ఏం జరుగుతోందో చూస్తూ కూర్చోవచ్చట. ఒక్క రోజు గడిచేసరికి కళ్ళు, మెదడు, వెన్ను అన్నిటికీ రూపురేఖలు వచ్చేస్తాయి, గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. నిన్న సాయంత్రం ఒక్క చుక్కంత కణం, ఇవాళ సాయంత్రం కొట్టుకునే గుండె!

అది చెబుతూ చెబుతూ, స్పీమన్-మాంగోల్డ్ ఆర్గనైజర్ నీకూ ఉండేది కదమ్మా, ఆ మాంగోల్డ్ ఎవరో తెలుసా అని అడిగింది. తెలియకేం అన్నాను. నేనూ ముప్ఫై ఏళ్ళ క్రితం బీఎస్సీ జువాలజీ చదివినదాన్నే. పరీక్షలో ఆ ప్రశ్నకి పది మార్కుల జవాబు రాసినదాన్నే. నా ఊహలో వాళ్ళిద్దరూ గడ్డాలు పెంచుకున్న జర్మన్ పెద్దమనుషులు.

అది నవ్వింది. మాంగోల్డ్ ఆడపిల్లమ్మా, నాకంటే ఒకటి రెండేళ్ళే పెద్ద ఆ పని చేసేనాటికి అంది. నూనెలో అరిసె మాడిపోయింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. పరీక్షలో ఆవిడ పేరు రాసి మార్కులు తెచ్చుకున్నాను, ఆవిడ ఎవరో ఒక్కసారైనా అడగాలని ఎందుకు తోచలేదు? అప్పటినుంచి దొరికిందల్లా చదివాను. మీకూ చెప్పాలనిపించింది.

సబ్బుల ఫ్యాక్టరీ వారి అమ్మాయి

పుట్టినప్పటి పేరు హిల్డె ప్రోషోల్ట్. 1898 అక్టోబరు 20న జర్మనీలో తురింజియా ప్రాంతంలోని గోథా అనే ఊళ్ళో పుట్టింది. తండ్రికి సబ్బుల ఫ్యాక్టరీ ఉండేది. ముగ్గురు ఆడపిల్లల్లో తను నడిమిది. మంచి కలిగిన ఇల్లే. కావాలంటే సంగీతం, కుట్లు, అల్లికలు నేర్చుకుని మంచి సంబంధం చూసుకుని స్థిరపడిపోవచ్చు.

జర్మనీలో ఆడపిల్లల్ని పూర్తిస్థాయి విద్యార్థినులుగా యూనివర్సిటీల్లో చేర్చుకోవడం మొదలై అప్పటికి ఎంతో కాలం కాలేదు. మొదట తలుపులు తెరిచింది బాడెన్ రాష్ట్రం, 1900లో. మిగతా రాష్ట్రాలు తర్వాత ఒకటొకటిగా తెరిచాయి. అంటే హిల్డె పుట్టేనాటికి ఆమె చదవబోయే చదువుకి దారే లేదన్నమాట!

1918లో యేనా యూనివర్సిటీలో చేరింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన సంవత్సరం అది. దేశం ఓడిపోయింది, రాజు గద్దె దిగిపోయాడు, తిండికి కటకట. అలాంటి రోజుల్లో చదువు! ఏడాది తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌కి మారింది. అక్కడే ఒకరోజు హాన్స్ స్పీమన్ అనే ప్రొఫెసర్ ఉపన్యాసం విన్నది. పిండం ఎలా పెరుగుతుంది, ఏ కణం ఏ అవయవమవుతుందో ఎవరు నిర్ణయిస్తారు అన్నది ఆయన విషయం. ఆ ఒక్క ఉపన్యాసంతో హిల్డె మనసు అటు తిరిగిపోయింది. 1920లో ఆయన పనిచేస్తున్న ఫ్రైబుర్గ్‌కి వెళ్ళి ఆయన దగ్గరే శిష్యురాలిగా చేరింది. ఆ ఊరు ఉన్నది బాడెన్‌లోనే, ఆడపిల్లలకి మొదట తలుపు తెరిచిన చోటే.

మొదటి పని... మొదటి ఓటమి

చేరగానే ప్రొఫెసరుగారు ఇచ్చిన పని ఏమిటో తెలుసా? హైడ్రా అని మంచినీళ్ళలో ఉండే చిన్న ప్రాణి ఉంటుంది. సన్నటి గొట్టంలా ఉండే దాన్ని చొక్కా తిరగేసినట్టు లోపలిది బయటికి తిప్పాలి. దాదాపు రెండు వందల ఏళ్ళ క్రితం ట్రెంబ్లే అనే ఆయన చేశాడట. మళ్ళీ నువ్వు చెయ్యి అన్నారు. పాపం హిల్డె ఎన్నిసార్లు ప్రయత్నించినా అది సాగలేదు. రోజులు వృథా అవుతున్నాయి. ఆమె నిరుత్సాహపడింది.

మనలో చాలామందిమి అక్కడే ఆగిపోతాం. నాకే చేతకాలేదు కాబోలు అనుకుని ఊరుకుంటాం. హిల్డె అలా ఊరుకోలేదు. ప్రొఫెసరు దగ్గరికే వెళ్ళి ఇంకో పని ఇవ్వమని అడిగింది. ఆ అడగడమే జీవశాస్త్ర చరిత్రని మలుపు తిప్పింది. 1921 వసంతంలో స్పీమన్ ఆమెకి ఇంకో ప్రయోగం అప్పజెప్పాడు.

ఆవగింజంత పిండానికి ఆపరేషన్

ఆ ప్రయోగాన్ని తేలిక మాటల్లో చెప్తాను. న్యూట్ అని చెరువుల్లో ఉండే ప్రాణి ఉంది. చూడ్డానికి బల్లిలా ఉన్నా కప్పకి చుట్టం. దాని గుడ్డు ఆవగింజకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. గుడ్డు రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడిపోతూ చివరికి కణాల బంతి అవుతుంది. తర్వాత ఆ బంతి ఒకచోట లోపలికి ముడుచుకోవడం మొదలుపెడుతుంది. అలా ముడుచుకునే చోట పైభాగం చిన్న పెదవిలా కనిపిస్తుంది.

స్పీమన్ అంతకుముందే ఆ పెదవి ముక్కని తీసి ఇంకో పిండంలో అతికించి చూశాడు. అక్కడ వెన్ను లాంటిది తయారైంది. అయితే రెండు పిండాలూ ఒకే జాతివి, ఒకే రంగువి. దాంతో కొత్తగా ఏర్పడిన భాగం అతికించిన ముక్కలోంచి పుట్టిందా, లేక చుట్టూ ఉన్న కణాలు తమ దారి మార్చుకుని చేరాయా అన్నది తేలలేదు. అసలు చిక్కుముడి అదే.

దాన్ని విప్పే ఉపాయం రంగు. ఒక జాతి న్యూట్ పిండం తెల్లగా ఉంటుంది, ఇంకో జాతిది ముదురు రంగు. తెల్లదాని పెదవి ముక్కని తీసి ముదురు రంగు పిండానికి పొట్టవైపు అతికిస్తే, తర్వాత ఎవరి కణాలు ఎవరివో రంగే చెప్పేస్తుంది. తెల్లచీర మీద నల్ల అంచులాగా.

చెప్పడం తేలికే. చేయడం? సన్నగా సాగదీసిన గాజు సూదులు, పసిపిల్లల తల వెంట్రుకతో చేసిన ఉచ్చు, ఇవే పనిముట్లు. పసివాళ్ళ జుట్టే ఎందుకంటే దానంత సన్నగా, మెత్తగా ఇంకేదీ ఉండదు. గుడ్డు చుట్టూ ఉన్న జిగురు, పొర ఒలిచేయాలి. పొర తీసేశాక పిండం ఎంత నాజూకంటే, కాస్త చెయ్యి వణికితే పగిలిపోతుంది. యాంటీబయోటిక్ మందులు ఇంకా రాలేదు. నీళ్ళలో సూక్ష్మజీవులు చేరి ఉదయం బతికున్న పిండం సాయంత్రానికి పాడైపోయేది. పైగా న్యూట్‌లు గుడ్లు పెట్టేది వసంతంలోనే. ఆ కొన్ని వారాలు దాటితే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే.

హిల్డె 1921 వసంతంలోనూ 1922 వసంతంలోనూ ఈ ఆపరేషన్లు వందల కొద్దీ చేసింది. ఎక్కువభాగం చచ్చిపోయాయి. చివరికి పూర్తిగా వివరించి రాయదగ్గవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి.

ఆ కొద్దీ చాలు! అతికించిన చోట, పొట్టమీద, రెండో పిల్ల తయారైంది. కవలల్లా అతుక్కుని, తనకంటూ వేరే వెన్ను, వేరే నాడీగొట్టం, కండరాల దిమ్మలు, కొన్నింటిలో చెవుల మొలకలు కూడా. ఆ రెండో పిల్లని సన్నగా కోతలు కోసి మైక్రోస్కోపులో చూస్తే ఇంకా ఆశ్చర్యం. తెల్ల కణాలు వెన్నులో కొంతభాగమే. మెదడు, వెన్నుపాముగా మారే నాడీగొట్టం దాదాపు అంతా ముదురు రంగే! అంటే పొట్ట చర్మం కావలసిన కణాలు, పక్కన వచ్చి చేరిన చిన్న ముక్క ప్రభావంతో నాడులుగా మారాయన్నమాట.

పాలలో తోడు వేస్తాం కదండీ. చెంచాడు పెరుగు గిన్నెడు పాలని మార్చేస్తుంది. గిన్నెనిండా పెరుగైనది ఆ చెంచాడు కాదు, పాలే. ఇదీ కొంచెం అలాంటిదే. ఇంకోలా చెప్పాలంటే పెళ్ళింట్లో అందరూ దిక్కులు చూస్తూ నిలబడ్డప్పుడు పెద్దావిడ ఒకరు వచ్చి, నువ్వు పసుపు దంచు, నువ్వు తోరణం కట్టు అని పనులు పురమాయిస్తే ఇల్లంతా ఒక క్రమంలోకి వస్తుంది చూడండి, పిండంలో ఆ పెదవి ముక్క ఆ పెద్దావిడ. అందుకే స్పీమన్ దానికి ఆర్గనైజర్ అని పేరుపెట్టాడు.

పెళ్ళి, థీసిస్, పసివాడు

ఈ రెండు వసంతాల మధ్యే హిల్డె పెళ్ళయింది. వరుడు ఓటో మాంగోల్డ్, స్పీమన్‌కి ముఖ్య సహాయకుడు. 1921లో పెళ్ళి. మొదటి వసంతం ప్రోషోల్ట్‌గా పనిచేసిన అమ్మాయి రెండో వసంతం మాంగోల్డ్‌గా పనిచేసింది. పెళ్ళయిందని సూది కింద పెట్టలేదు. 1923లో డాక్టరేట్ పుచ్చుకుంది.

థీసిస్‌ని పత్రికలో వ్యాసంగా వేయించే వేళకి ఒక సంగతి జరిగింది. వ్యాసం మీద ముందు తన పేరు ఉండాలని స్పీమన్ పట్టుబట్టాడు. హిల్డెకి అది నచ్చలేదు. ఆమె బాధకి కారణం ఉంది. అదే ప్రొఫెసరు దగ్గర చదివిన విక్టర్ హాంబర్గర్, హోల్ట్‌ఫ్రెటర్ లాంటి మగపిల్లలు తమ థీసిస్‌లని తమ ఒక్కరి పేర్లతోనే వేయించుకున్నారు. హిల్డె విషయంలోనే రెండు పేర్లు, అందులో ఆమెది రెండోది.

స్పీమన్ వైపునుంచి కూడా న్యాయంగా ఆలోచించాలి. ప్రశ్న ఆయనది. ఏళ్ళ తరబడి దాని వెంట నడిచిందీ ఆయనే. రెండు రంగుల ఉపాయంతో శిష్యురాలిని ఆ దారిలో పెట్టిందీ ఆయనే. కానీ చేతులు హిల్డెవి. ఓపిక హిల్డెది. ఆ చచ్చిపోయిన వందల పిండాల్ని చూస్తూ మళ్ళీ మర్నాడు వెళ్ళి కూర్చున్నదీ హిల్డే. వంట నేర్పిన అత్తగారిదా, పొయ్యి దగ్గర నిలబడ్డ కోడలిదా ఆ రుచి? మన ఇళ్ళలో ఎప్పుడూ తేలని తగవే ఇదీను.

1924లో ఓటోకి బెర్లిన్‌లో పెద్ద పరిశోధనా సంస్థలో విభాగాధిపతి ఉద్యోగం వచ్చింది. పసివాడు క్రిస్టియన్‌ని ఎత్తుకుని హిల్డె భర్త వెంట బెర్లిన్ వెళ్ళింది.

కాపురం సర్దుకుని కొన్ని నెలలన్నా కాలేదు. వంటింట్లో హీటరు పేలి మంటలు అంటుకున్నాయి. ఒళ్ళు కాలిపోయింది. 1924 సెప్టెంబరు 4న హిల్డె చనిపోయింది. ఇంకో నెలన్నర బతికితే ఇరవై ఆరు నిండేవి. ఆమె వ్యాసం వెలువడింది ఆ సంవత్సరమే. అచ్చులో తన పేరు చూసుకునే అదృష్టం ఆమెకి లేకపోయింది.

ఇది చదువుతున్నప్పుడు నా చేతిలో కాగితం కాసేపు కదల్లేదు. స్టవ్ పేలి అన్న మాట మన ఊళ్ళలో ఎన్నిసార్లు వినలేదు? నా చిన్నప్పుడు మా వీధిలోనే కిరసనాయిలు స్టవ్ మంటల్లో ఒక కోడలు పోయింది. గాజుసూదితో ఆవగింజంత ప్రాణానికి ఆపరేషన్ చేసిన చేతులు కూడా చివరికి వంటింటి మంటకే ఆహుతయ్యాయి.

మిగిలిపోయిన ఆమె ప్రయోగాల ఫలితాలు 1929లో ఆమె పేరుతో ప్రచురణకొచ్చాయి. కొడుకు క్రిస్టియన్ పెరిగి పెద్దవాడై రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయాడు.

1935లో ఆర్గనైజర్‌ని కనిపెట్టినందుకు నోబెల్ బహుమతి వచ్చింది. స్పీమన్‌కి ఒక్కడికే. చనిపోయినవాళ్ళకి ఆ బహుమతి ఇవ్వరు. బతికుంటే ఇచ్చేవారా అంటే ఎవరూ చెప్పలేరు. ఒక విద్యార్థి థీసిస్సే నేరుగా నోబెల్‌కి దారితీయడం చాలా అరుదు. అలాంటి అరుదైన థీసిస్ రాసింది పాతికేళ్ళు నిండీ నిండని అమ్మాయి అన్నమాట మాత్రం నిజం.

చేపల్లోనూ అదే!

ఇక్కడే కథ మళ్ళీ మా చేపల తొట్టె దగ్గరికి వస్తుంది. న్యూట్‌లో కనిపించినది చేపలోనూ ఉంటుందా? ఈ ప్రశ్న పట్టుకున్నవాళ్ళలో కూడా ఒక అమ్మాయి ఉంది. అమెరికాలో జేన్ ఓపెన్‌హైమర్. 1911లో పుట్టింది. అట్లాంటిక్ తీరంలో దొరికే ఫండ్యులస్ అనే చిన్న చేప పిండాల మీద పనిచేసి యేల్ యూనివర్సిటీలో 1935లో డాక్టరేట్ తీసుకుంది.

చేపగుడ్డులో పచ్చసొన పెద్దది. దాని నెత్తిన కణాలు టోపీలా కూర్చుని, మెల్లగా కిందికి పాకుతూ సొనని కప్పేస్తాయి. ఆ టోపీ అంచులో ఒకవైపు చిన్న డాలులా మందంగా తేలుతుంది. జేన్ ఆ డాలు ముక్కని తీసి ఇంకో చేపపిండంలో ఇంకోచోట పెట్టింది. అక్కడ రెండో పిండం తయారైంది! హిల్డె చూసిందే, ఇక్కడా. చేపకీ కప్పకీ ఒకటే కిటుకు. ఆమె చాలాకాలం బ్రిన్‌మార్ అనే మహిళా కళాశాలలో పాఠాలు చెప్పి 1996లో కన్నుమూసింది.

తర్వాత మన జీబ్రాచేప వచ్చింది. ఈ చేప పుట్టిల్లు మన దక్షిణాసియా నీళ్ళే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. 1981లో అమెరికాలో జార్జి స్ట్రైసింగర్ దీన్ని ప్రయోగశాలకి పనికొచ్చే ప్రాణిగా నిలబెట్టాడు. గుడ్డు పడిన ఆరు గంటలకి దీన్లో ఆ డాలు కనిపిస్తుంది. ఇరవైనాలుగు గంటలకి గుండె కొట్టుకుంటుంది. రెండుమూడు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. పుట్టుకతో వచ్చే గుండెజబ్బులు, అవయవలోపాలు ఎలా వస్తాయో తెలుసుకోవడానికి ఇవాళ ప్రపంచమంతా ఈ చేపని వాడుతున్నారు. మన హైదరాబాదు సీసీఎంబీలోనూ దీనిమీద పరిశోధన ఉంది.

ఆర్గనైజర్ చేసే పని ఏమిటన్నది 1990లలో తేలింది. పక్క కణాలకి చర్మంగా మారమని ఒక సందేశం అందుతూ ఉంటుందట. ఆర్గనైజర్ నుంచి వచ్చే నాగిన్, కార్డిన్ అనే ప్రొటీన్లు ఆ సందేశాన్ని మధ్యలోనే అడ్డుకుంటాయి. అడ్డు తొలగితే కణాలు తమంతట తామే నాడుల దారి పడతాయి. అంటే ఆ పెద్దావిడ పురమాయించడమే కాదు, తప్పుదారి పట్టించే మాటలు చెవిన పడకుండా చూస్తుందన్నమాట. 2018లో మనిషి మూలకణాలనుంచి తయారుచేసిన ఆర్గనైజర్‌ని కోడిపిండంలో పెట్టి చూస్తే అదీ పనిచేసింది. మనమందరం మన అమ్మల కడుపులో ఒకప్పుడు ఆ ముక్క మాట విన్నవాళ్ళమే.

పేరు నిలబెట్టిన స్నేహితుడు

హిల్డె కథ మనదాకా రావడానికి కారకుల్లో ముఖ్యుడు ఆమె సహాధ్యాయి విక్టర్ హాంబర్గర్. ఆయన యూదుడు. 1932లో అమెరికా వెళ్ళాడు. నాజీలు అధికారంలోకి వచ్చాక ఇక వెనక్కి రాలేకపోయాడు. ఆమె పోయిన అరవై ఏళ్ళకి, 1984లో, ఆర్గనైజర్‌ని కనిపెట్టడంలో ఆమె సహభాగస్వామి అని ఆయన ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. విచిత్రం చూడండి. ఆయన ప్రయోగశాలలో ఆయనతో కలిసి పనిచేసిన రీటా లెవీ-మోంటాల్చీనికి 1986లో నోబెల్ వచ్చింది, హాంబర్గర్‌కి రాలేదు. పక్కన నిలబడిపోవడం అంటే ఏమిటో ఆయనకీ తెలిసొచ్చింది. అన్నట్టు, 1995లో పిండం పెరుగుదల మీద పరిశోధనకి నోబెల్ అందుకున్నవాళ్ళలో ఒకరు జర్మన్ మహిళే, క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్ట్. స్పీమన్ బహుమతికీ దీనికీ మధ్య సరిగ్గా అరవై ఏళ్ళు.

ఇవాళ పుస్తకాల్లో ఆర్గనైజర్ పేరు ముందు రెండు పేర్లూ ఉంటాయి. స్పీమన్-మాంగోల్డ్. ఆమెది ఇప్పటికీ రెండోదే. అయినా చెరిగిపోలేదు.

ఇక నా మాట. సంక్రాంతికి మా అమ్మాయి వచ్చేసరికి ఇంట్లో ఒక సంబంధం మాట నడుస్తోంది. అబ్బాయి మంచివాడే, ఉద్యోగం ఉంది. వాళ్ళు అడిగింది ఒక్కటే. ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీ గట్రా పెట్టుకోకుండా ఉంటే బాగుంటుందని. మా వారు ఊగిసలాడారు. నేనూ ఊగాను, అబద్ధమెందుకు? నా చదువు పెళ్ళితో ఆగింది. ఏం తక్కువైంది అని నాకు నేనే చెప్పుకున్నదాన్ని.

హిల్డె గురించి చదివాక నాకు పెళ్ళి మీద విరక్తేమీ కలగలేదు. ఆవిడా పెళ్ళి చేసుకుంది, బిడ్డని కన్నది, పనీ పూర్తిచేసింది. పూర్తిచేసింది గనకనే పాతికేళ్ళ జీవితానికి వందేళ్ళ తర్వాత కూడా పేరుంది. ఆ రెండో వసంతం ఇంట్లో కూర్చోమని ఎవరైనా అనుంటే, ఆవిడ విని ఉంటే?

వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాం. అమ్మాయి పీహెచ్‌డీ చేస్తుంది, దానికి సరేనంటే మాట్లాడుకుందామని. ఇంకా జవాబు రాలేదు. రాకపోయినా పరవాలేదనుకునే ధైర్యం మాత్రం వచ్చింది. హాస్టల్‌కి వెళ్ళేముందు మా అమ్మాయికి ఒకటే చెప్పాను. ఏ పని చేసినా నీ పేరు ఎక్కడ పడుతుందో ముందే అడిగి తెలుసుకో తల్లీ అని. తొట్టెలో చేపలకి మేత వేయడం ఇప్పుడు నా పని.